ఎనభై ఆరు గుమ్మాలు

"బిల్టిన్నా బాబాయ్?" అంది వెనక సీట్లోంచి డాక్టరమ్మ.

"బెల్టేగా అమ్మా? ఎప్పుడో పెట్టుకున్నా!" డ్రైవరు ఛాతీ మీది పట్టీని టపామని లాగి చూపించాడు.

కారు సామాన్ల షాపువాడు కిటికీలో తల పెట్టి పకపకా నవ్వాడు. "బెల్టు కాదు పెద్దాయనా, బిల్టిన్! దారి చెప్పే నావిగేషను. డాష్‌బోర్డులో బిగించేసేదా, అద్దానికి అతికించుకునేదా అని మేడమ్ అడుగుతున్నారు."

డ్రైవరుకి నవ్వు రాలేదు. ఆవిడ మంచం పట్టిన రోగుల్ని ఇళ్లకెళ్లి చూసే డాక్టరు. ఏ రోగి ఏ సందులో ఏ గుమ్మం వెనకున్నాడో రాసిపెట్టిన పుస్తకం ఆయన బుర్రే. దారి చెప్పే పెట్టె వచ్చిందంటే, దారి చూపినవాణ్ణి నీ దారి చూసుకోమంటారు!

"ఎందుకమ్మా ఇది? నేనెప్పుడైనా దారి తప్పానా?"

"మీరు తప్పలేదు. మొన్న మీకు జ్వరమొస్తే నేను తప్పాను. ఒక ముసలాయనకి ఇంజక్షను గంట ఆలస్యమైంది."

ఎలాగూ కొనక తప్పనప్పుడు ఊడొచ్చేదే నయమనుకున్నాడు డ్రైవరు.

"అయితే అతికించేదే కొనండమ్మా. నచ్చకపోతే పీకి పారేయొచ్చు. బిగించిందైతే కారుని పట్టుకుని వేలాడుతుంది."

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "మంచి మాట చెప్పారు బాబాయ్."

పెట్టెకి వీధులు తెలుసు గానీ గుమ్మాలు తెలీవు. అందుకని ప్రతి ఇంటి ముందూ కారాపి ఆయన చెబుతుంటే ఆవిడ అందులోకి ఎక్కించేది.

"ముందు గేటు దగ్గర కుక్కుంది. వెనక నుంచి వెళ్లాలని రాయండి. ఈ ఇంట్లో కాలింగ్‌బెల్లు వంటగదిలోకి వినపడదు, కిటికీ తట్టాలి."

పెట్టె "కుడికి తిరగండి" అంటే, "నోర్ముయ్, అటు మురుగు పొంగుతోంది!" అని కసిరేవాడు. డాక్టరమ్మ నవ్వేది. "మీరు లేకపోతే ఇది ఒట్టి గుడ్డిది బాబాయ్."

ఆ మాటతో ఆయన గుండెలో గుబులు తీరింది. గుడ్డిదాని చెయ్యి పట్టుకుని నడిపించేవాణ్ణి ఎవరు మాన్పిస్తారు?

ఎనభై ఆరో గుమ్మం ఎక్కించిన మర్నాడు పొద్దున్నే కారు షెడ్డు ముందు అందరూ నిలబడి ఉన్నారు. డాక్టరమ్మ భర్త, అత్తగారు, నర్సు. పాత కారు తళతళా కడిగి ఉంది. దాని పక్కన చిన్న కొత్త కారు.

డాక్టరమ్మ పాత కారు తాళం ఆయన అరచేతిలో పెట్టింది. "ఇది మీకే బాబాయ్. ఇన్నాళ్లు నన్ను తిప్పారు. ఇక హాయిగా మీరు తిరగండి."

అందరూ చప్పట్లు కొట్టారు.

"మరి... కొత్తది ఎవరు నడుపుతారమ్మా?"

"నేనే."

"ఆ ఇళ్లన్నీ మీకెలా..."

ఆవిడ పాత కారులోకి వంగి, అద్దం మీంచి పెట్టెని చప్పున ఊడబీకింది. అద్దం మీద గుండ్రటి మచ్చ మిగిలింది.

"నేనైతే బిగించేదే కొందామనుకున్నా అత్తయ్యా," అంది ముచ్చటగా, అందరికీ వినబడేలా. "అప్పుడు ఆ ఎనభై ఆరు ఇళ్లూ ఈ పాత బండితోనే పోయేవి. ఊడొచ్చేది కొనమన్నది బాబాయే!"