పురిటి గది ఫ్యాన్

సందులో, పురిటి గది గోడ దగ్గర ఎవరో చెయ్యి పైకి చాపి నిలబడి ఉండటం వరదమ్మ కంటపడింది.

ముసలామె. బోసి నుదురు. గోడలో బిగించిన ఫ్యాన్‌కు అరచెయ్యి అడ్డం పెట్టి చూస్తోంది.

వరదమ్మకు అది అపశకునంగా తోచింది. కూతురు మునిలక్ష్మికి పెళ్లయిన ఎన్నో ఏళ్లకు, ఈమధ్యే కొన్న ఈ ఇంట్లో ఇప్పుడు కాన్పయింది. లోపల పసిగుడ్డు ఉంది.

అడుక్కునే మనిషేమోనని చేరెడు బియ్యం తెచ్చింది. ఆమె పుచ్చుకోలేదు.

“ఫ్యాను తిరగతా ఉండాది గానీ గాలి బయటికి రాలేదమ్మా. లోపల కుంపటి ఉండాదా?”

“ఉంటే నీకేం? యాడ్నుంచి వచ్చినావు నువ్వు?”

“కిటికీ ఒకటి తెరిచిపెట్టమ్మా.”

వరదమ్మ విసురుగా లోపలికి వచ్చి, బిడ్డకు ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి కుంపట్లో వేసింది.

ఆ ఫ్యాన్ మీద ఇంట్లో పెద్ద పంచాయితీయే జరిగింది. యుద్ధం ముగిశాక మద్రాసులో మిలిటరీ సామాన్లు వేలం వేస్తుంటే కొడుకు దొరస్వామి దాన్ని పాడి తెచ్చాడు. కుంపటి పొగా, సాంబ్రాణి పొగా, తడిగుడ్డల వాసనా అన్నీ బయటికి లాగేస్తుందన్నాడు. కిటికీ తీస్తే ఈగలూ దుమ్మూ వస్తాయి, దీనితో ఆ బెడద లేదన్నాడు. దాని రొదకు బిడ్డ నిద్రపోదనీ, కరెంటు పోతే అది ఉత్త ఇనుమేననీ వరదమ్మ వాదించింది. అన్నిటికన్నా, బాలింతకు చలిగాలి తగిలితే సన్నిపాత జ్వరం కమ్ముతుందని ఆమె భయం.

చివరికి ఇద్దరికీ రాజీ కుదిరింది. ఫ్యాన్ తిరుగుతుంది. చలిగాలి రాకుండా కిటికీలు మూసి, తలుపు సందుల్లో పాతచీరలు కుక్కుతారు.

ఫ్యాన్ రొద వినపడుతున్నంతసేపూ లోపల గాలి మారుతోందని అందరికీ ధైర్యం. నిప్పులు బాగా రాజుకున్నాక పొగ ఎలాగూ కంటికి కనపడదు.

మరునాడు వాన ముసురు పట్టింది. తల పగిలిపోతోందనీ, కళ్లు తిరుగుతున్నాయనీ మునిలక్ష్మి చెప్పింది. పచ్చి బాలింతకు అదంతా మామూలేనని సర్దిచెప్పి, వరదమ్మ కుంపట్లో ఇంకాసిని బొగ్గులు వేసి తలుపు మూసి వచ్చింది.

ముసలామె ఈసారి వీధి వాకిట్లోకే వచ్చింది.

“నాయనా, గాలి లోపలికొచ్చే దోవ లేకుంటే ఆ ఫ్యాను దేన్ని లాగతాది?” అని దొరస్వామిని అడిగింది.

“కరెంటు సదువు యాడ సదివినావవ్వా?” అని అతడు నవ్వాడు.

వరదమ్మకు నవ్వు రాలేదు. బోసి మొహంతో మళ్లీ ఈ గడప తొక్కొద్దని ఆమెను వానలోకే తరిమింది.

మధ్యాహ్నం సందులో కిటికీ అద్దం భళ్లున పగిలింది.

అందరూ పరుగెత్తారు. ముసలామె చేతిలో బండరాయి ఉంది. రెండో అద్దం కూడా పగలగొట్టింది.

దొరస్వామి ఆమె రెక్క పట్టి లాగాడు. ఆమె కిటికీ చువ్వలు వదల్లేదు. విదిలించి తోస్తే వెళ్లి బురదలో పడింది. నుదురు చిట్లి రక్తం కారింది. సందు నిండా జనం పోగయ్యారు. బాలింత మీద చేతబడి చేయడానికి వచ్చిందని వరదమ్మ నోటికొచ్చినట్టు తిట్టింది.

ముసలామె అన్నీ విన్నది. లేవకుండానే కిటికీ వైపు చెయ్యి చూపింది.

“నన్ను తర్వాత కొట్టండి. ఇంత గలాటా అయితా ఉంటే లోపల బిడ్డ ఏడవలేదే. సూడండి.”

అందరూ చెవులు రిక్కించారు. ఫ్యాన్ రొద ఒక్కటే వినపడుతోంది.

దొరస్వామి తలుపు తోసుకుని లోపలికి పోయాడు. మునిలక్ష్మి పిలిస్తే పలకలేదు. కుదిపితే తల పక్కకు వాలిపోయింది. ఆమె చంకలో బిడ్డ తోటకూర కాడలా వేలాడింది.

ఇద్దరినీ పంచలోకి మోసుకొచ్చారు. ఏ చలిగాలికి భయపడి వరదమ్మ సందులన్నీ మూసిందో, ఆ గాలే తల్లీబిడ్డల మొహాలకు కొట్టింది.

ఎంతోసేపటికి బిడ్డ కీచుమంది. ఆ తర్వాత మునిలక్ష్మి వాంతి చేసుకుని కళ్లు తెరిచింది.

డాక్టరు వచ్చి గది చూశాడు. కుంపటి విషపుగాలి పోయే దారి లేక గదిలోనే నిండిందన్నాడు. ఆ అద్దాలు పగలకపోతే తనను పిలిచే పనే ఉండేది కాదన్నాడు.

వరదమ్మ సందులోకి పరుగెత్తింది. అక్కడ ఎవరూ లేరు.

పక్కింటి సుబ్బులమ్మ తన గుమ్మంలో నిలబడి ఉంది.

“ఆయమ్మ యాడికి పోయింది సుబ్బులమ్మా?”

“బిడ్డ ఏడుపు వినపడినాక లేసి టేషన్‌కు పోయింది. పాకాల బండి ఇప్పుడే కదిలిపోయిందక్కా.”

“నువ్వు ఎరుగుదువా ఆమెను?”

సుబ్బులమ్మ తల దించుకుంది.

“ఆనందమ్మ. ఈడ కాన్పని విని వచ్చింది. మీకు ఈ ఇల్లు అమ్మింది ఆయమ్మే. దస్తావేజులకు ఆమె తమ్ముడొచ్చినాడు గాబట్టి మీరు సూడలేదు. సంగతి తెలిస్తే మీరు కొనరని దళారి మా నోళ్లు మూయించినాడు.”

“ఏం సంగతి?”

“బాలింత ఉండే ఇంట్లో సావు మాట ఎత్తకూడదని, తిట్లు తినింది గానీ ఆయమ్మ మీకు చెప్పలేదు. ఆ గదిలోనే కన్నకూతుర్నీ పురిటిబిడ్డనీ కుంపటి పెట్టి వెచ్చగా పండుకోబెట్టింది. తెల్లారి లేపబోతే ఇద్దరూ లేయలేదు.”