ఎక్కకూడని బండలు

తనకు బండలెక్కే అలవాటుందని జోగారావుకు ఇంటర్వ్యూలోనే తెలిసింది.

పంజాగుట్టలో నాలుగో అంతస్తు ఆఫీసు. ప్రాజెక్టు మేనేజరు వంశీధర్ ఒరాకిల్ గురించి ముక్తసరిగా రెండు ప్రశ్నలడిగి, రెజ్యూమె చివర్లో ఆగిపోయాడు.

“మీ హాబీ రాక్ క్లైంబింగా?”

జోగారావుకు విషయం అర్థమైంది. ఇది సారయ్య పని. అమీర్‌పేట సందులో డీటీపీ సెంటరు సారయ్య. హాబీలేం రాయాలో తోచక తను బుర్ర గోక్కుంటుంటే, “ఖాళీగ ఇడిస్తె ఎవడు పిలుస్తడన్నా? నేను చూస్కుంట, నువ్వు ఫికర్ జెయ్యకు,” అన్నాడు. చూసుకున్నాడు. ప్రింటు చదవకుండా కవర్లో పెట్టుకున్న ఘనత మాత్రం పూర్తిగా జోగారావుదే.

“అవునండీ,” అన్నాడు. హాస్టల్లో ఫ్యాను తుడుద్దామని స్టూలెక్కి, దిగలేక రూమ్మేటును కేకేసిన మనిషి.

“ఎలాంటి రాయి ఎక్కుతారు?”

ఎక్కడం తెలీదు గానీ రాయి తెలుసు. విశాఖలో ఎమ్మెస్సీ జియాలజీ ఫస్టు క్లాసులో పాసై, ఆ చదువు ఎవరికీ అక్కర్లేకపోయేసరికి అమీర్‌పేటకొచ్చి ఒరాకిల్ నేర్చుకున్నాడు. నోరు తెరిచాడు. హైదరాబాదు గ్రానైటు గరుకు. పలుకులు పెద్దవి, పాదానికి పట్టు దొరుకుతుంది. కానీ ఎండకీ వానకీ పైభాగం ఉల్లిపొరలా విడిపోతుంది. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, బరువు వేస్తే ఊడొస్తుంది. సుత్తితో కొట్టి వినాలి. రెండేళ్లుగా ఎవరికీ చెప్పుకోలేని చదువంతా గడగడా అప్పజెప్పేశాడు.

వంశీధర్ కుర్చీలో ముందుకు జరిగాడు. “అంటే, ఏ బండ ఎక్కకూడదో చూసి చెప్పేయగలరా?”

“చెప్పగలనండీ.”

“సోమవారం చేరిపోండి. ఆర్నెల్లు ప్రొబేషన్. ఆదివారాలు మా క్లబ్బుతో రావాలి.”

ఆయన వెనక గోడమీద ఫొటో ఉంది. నెత్తిన హెల్మెట్, చేతిలో తాడు, కింద ‘కెప్టెన్ వంశీధర్’ అని పేరు.

మొదటి ఆదివారం శ్రీనగర్ కాలనీ వెనక, ఇంకా ఇళ్లు కట్టని బండల దగ్గరికి వెళ్లారు. టెస్టింగ్ టీములోని దివ్యశ్రీ నడుముకు బెల్టు కట్టుకుని చకచకా ఎక్కి దిగింది. కింద నిలబడి తాడు పట్టుకోవడం కెప్టెన్ బాధ్యతట, వంశీధర్ అక్కడే ఉన్నాడు. తర్వాతి వంతు జోగారావుది.

బండ రెండంతస్తుల ఎత్తుంది. జోగారావు సంచిలోంచి కాలేజీనాటి సుత్తి తీసి, బండను అక్కడా ఇక్కడా కొట్టాడు. ఒకచోట డొల్లగా మోగింది.

“పొర లేచింది సార్. లోపల ఖాళీ. ఎక్కితే ఊడిపడుతుంది.”

అబద్ధం కాదు. కాకపోతే ఆ పొర ఉన్నది బండకు అవతలి పక్క, ఎవరూ ఎక్కని వైపు.

“విన్నారుగా, సర్దేయండి,” అన్నాడు వంశీధర్. కాసేపటికి అందరూ అమీర్‌పేటలో ఇడ్లీల ముందున్నారు. కెప్టెన్ తన ప్లేటులోని గారె తీసి జోగారావు ప్లేటులో వేశాడు.

రెండో ఆదివారానికి వాన పడింది. బండమీది నల్లచారలు చూపించి, అది నాచు, ఎండితే పర్వాలేదు, తడిస్తే సబ్బు అన్నాడు జోగారావు. మూడో ఆదివారం తెల్లని పలుకులు గోటితో గీకి, ఇది మట్టిగా మారుతోంది, చేతికి రాలిపోతుంది అన్నాడు. వంశీధర్‌కు అతనిమీద గౌరవం పెరిగిపోయింది. ఆఫీసులో అందరికీ ‘మా జియాలజిస్టు’ అని పరిచయం చేస్తున్నాడు. ఉద్యోగం కోసం పక్కన పెట్టిన చదువే ఇప్పుడు ఉద్యోగాన్ని కాపాడుతోంది. జోగారావుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

“హైదరాబాద్ మొత్తంల నీకు ఒక్క మంచి బండ సుత దొరకదా అన్నా?” అంది దివ్యశ్రీ. “రెండొందల యాభై కోట్ల ఏండ్ల సంది పడని రాయి మనం ఎక్కంగనే పడతదా?”

“అప్పట్లో నువ్వు ఎక్కలేదు కదమ్మా,” అన్నాడు జోగారావు. ఆ జవాబుకు తనకే సిగ్గేసింది.

నాలుగో ఆదివారం డైరెక్టరు రామ్మోహనరావు గారే వచ్చారు. క్లబ్బు పెట్టింది ఆయనే. బండ కూడా ఆయనే చూసి పెట్టుకున్నారు.

“ఇవాళ కెప్టెనూ, కొత్త కుర్రాడూ ఎక్కుతారు. తాడు నేను పట్టుకుంటాను,” అన్నారు.

జోగారావు సుత్తితో కొట్టాడు. ఖంగుమంది. చుట్టూ తిరిగి కొట్టాడు. ఎక్కడ కొట్టినా ఖంగుమనే అంది. పొర లేదు, చార లేదు, పగులు లేదు. చదువుకున్న రోజుల్లో ఇంత చక్కని గ్రానైటు కనిపిస్తే మురిసిపోయేవాడు. ఇప్పుడు దాన్ని తిట్టుకున్నాడు. ఎక్కితే ప్రాణం పోతుంది, ఎక్కకపోతే ఉద్యోగం పోతుంది. ఆ ఉద్యోగం గురించి అమ్మ ఇప్పటికే వీధంతా చెప్పేసింది. అయినా ప్రాణానికే ఓటేశాడు.

వంశీధర్‌ను బండ వెనక్కి తీసుకెళ్లాడు.

“క్షమించండి సార్. నేను జన్మలో రాయి ఎక్కలేదు. ఆ హాబీ నేను రాసింది కాదు, అమీర్‌పేటలో డీటీపీ సారయ్య పెట్టాడు. నన్ను తీసేసినా సరే, ఎక్కించకండి.”

అవతల డైరెక్టరు గారు తాడు సర్దుకుని ఇద్దరినీ పేరుపెట్టి పిలుస్తున్నారు.

“తీసెయ్యడం సంగతి తర్వాత, ముందు ఈ బండకు ఏదో ఒక రోగం కనిపెట్టవయ్యా,” అన్నాడు వంశీధర్, నడుముకు బెల్టు ఎటునుంచి కట్టుకోవాలో తెలియక తడుముకుంటూ, “నా రెజ్యూమె టైపు చేసిందీ ఆ సారయ్యే.”