పిడి సరిపోయింది

అమెరికాలో సెడేలియా అనే ఊళ్లోని తుపాకుల దుకాణంలో డెల్మర్ కౌంటర్ మీదికి వంగి, పక్కనే ఉన్న భార్య నోరీన్‌కు చెవులు లేనట్టు మాట్లాడుతున్నాడు.

"మా ఆవిడకి ఊరదోసకాయల సీసా మూత తియ్యడం కూడా రాదు. పగలంతా ఇంట్లో ఒక్కతే ఉంటుంది. చంటిపిల్ల చేతికి పట్టేదేమైనా ఉంటే చూపించవయ్యా."

దుకాణదారు ఓ పాతకాలపు చిన్న రివాల్వర్ తీసి, గుళ్లు లేవని తెరిచి చూపించి ఆమె చేతికిచ్చాడు. పట్టుకోగానే నోరీన్ చిటికెనవేలు పిడి దాటి గాల్లో వేలాడింది.

"చూశావా, పట్టుకోవడమే రాలేదు. ఇక పేల్చడం కూడానా," అన్నాడు డెల్మర్.

దుకాణదారు ఆ చెక్కపిడి విప్పి, కాస్త పొడుగుది బిగించాడు. ఈసారి వేళ్లన్నీ కుదురుగా సర్దుకున్నాయి.

"పాత సరుకమ్మా, ట్రిగ్గర్ కాస్త బరువు. మధ్యలో ఆపకుండా నిదానంగా లాగండి."

"మా ఆవిడ వల్ల అయ్యే పనేనా? కారు నేర్పేసరికే నా జుట్టంతా ఊడింది," అని డెల్మర్ ఆ కథంతా మొదలుపెట్టాడు.

నోరీన్ గోడకు గురిపెట్టి లాగింది. ట్రిగ్గర్ ఎక్కడా తట్టుకోకుండా వెనక్కి వచ్చి టక్కుమంది. మళ్లీ లాగింది. డెల్మర్ చెబుతూనే ఉన్నాడు. ఆమె ఇంకోసారి లాగింది.

"మీ చేతికి బాగా కుదిరింది. ప్యాక్ చెయ్యమంటారా?" అన్నాడు దుకాణదారు.

నోరీన్ రివాల్వర్‌ను కౌంటర్ మీద పెట్టి అవతలికి నెట్టింది.

"వద్దండీ. ఇది మా ఇంట్లో ఉండకూడదు."

"ఏం, బరువుగా ఉందా?" వెక్కిరించాడు డెల్మర్.

"లేదు. నువ్వు మాట్లాడుతుంటే ట్రిగ్గర్ మరీ తేలిగ్గా వస్తోంది."