చూడని చేతులు

“చిట్టితల్లీ, తుపాకీ పోటీల్లో కప్పులు గెలిచే గారడీ ఇక్కడ చెల్లదు. దొంగ చప్పట్లు కొట్టడు, కాలుస్తాడు,” అన్నాడు టెక్సస్ పోలీసు శిక్షకుడు హాలిస్.

“అందుకే తూటాలు నింపే పద్ధతి మార్చుకున్నాను సార్. పనికిరాకపోతే దళంలోంచి తీసేయండి,” అంది వెర్నా.

శిక్షణ మైదానంలో ఎదుటి దొంగ బొమ్మను కూల్చి, కారు చాటున షాట్‌గన్‌లో రెండేసి తూటాలు నింపసాగింది. పోటీల్లోలా తుపాకీని తలకిందులుగా తిప్పి నింపలేదు, దాని వంక చూడనూ లేదు. కొత్త పెళ్లి ఉంగరం ఇనుముకు తగిలి టింగుమంటే ఆమెకు నవ్వొచ్చింది. హాలిస్ ఆ వేళ్లనే చూస్తున్నాడు.

తుపాకీ ఢామ్మంది.

“ఎవర్ని కాల్చావ్?”

“ఎదుటి గోడ కిటికీలో లేచిన రెండో బొమ్మని.”

హాలిస్ తిరిగి చూశాడు. బొమ్మ జల్లెడైంది.

“నువ్వు నింపుకునేటప్పుడు దాన్ని లేపమంది నేనే. నాకే కనబడలేదే!”

“మీరు నా చేతులు చూశారు సార్. నేను చూడలేదు.”