రెండు వేళ్లతో లేచే బోర్డు

మంచు మీద జారడానికి గెర్గానా కొన్న కొత్త స్నోబోర్డును బిల్యానా బట్టల బీరువా వెనక దాచింది. అంత పొడుగు బోర్డు, రెండు వేళ్లతో పైకి లేచింది. ఆ తేలికే ఆమెను భయపెట్టింది.

ఇది కొత్తవాళ్లకు అమ్మనని దుకాణదారుడు అన్నాడట. గాలిలో ఎన్ని గిరికీలైనా కొట్టవచ్చు. దిగేటప్పుడు పాదం కాస్త తప్పినా విసిరి పారేస్తుంది. ఈ మాట గెర్గానా ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకుంది. విన్నప్పటి నుంచి బిల్యానాకు సరిగ్గా నిద్ర లేదు.

మంచు కొండ కింది బాన్‌స్కో ఊళ్లో, రొట్టెల దుకాణం మీది వాటాలో ఉండేది వాళ్లిద్దరే. కిందటి చలికాలం గెర్గానా మంచు దిబ్బ మీంచి బోర్డుతో దూకి భుజం దగ్గర ఎముక విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు బిల్యానాయే ఆమెకు చొక్కా తొడిగింది, తల దువ్వింది, పప్పు సూపు చెంచాతో తాగించింది. ఇంక దూకనని అప్పుడు ఒట్టు పెట్టిన గెర్గానా, మళ్లీ మంచు పడగానే పోటీకి పేరిచ్చేసింది.

పోటీ రోజు, శుక్రవారం పొద్దున్నే ఇల్లంతా వెతికి, గెర్గానా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"తల్లీ, నీకు దండం పెడతా. ఎక్కడ పెట్టావో చెప్పు."

"చెప్పను. నీ భుజంలో డాక్టరు వేసిన మేకులు ఇంకా తియ్యనేలేదు."

"మంచిదేగా. ఈసారి ఊడిపోదు."

బిల్యానా నవ్వలేదు. నీకేమైనా అయితే నాకెవరున్నారని అడగబోయింది. ఈలోగా గెర్గానా చూపు బీరువా వెనక సందు మీద పడింది.

ఆమె బోర్డు తీసుకుని వెళ్లిపోయాక బిల్యానా కూడా రోజూ వెళ్లే చోటికే బయలుదేరింది. సగం దారిలో కాళ్లు ముందుకు సాగలేదు. వెనక్కి తిరిగి, కొండ మీదికి వెళ్లే రోప్‌వే ఎక్కింది.

పోటీ దగ్గర జెండా ఊపేది అసెన్. వాళ్లింటికి వచ్చిపోయే మనిషే. ఎలాగైనా గెర్గానా పేరు కొట్టేయమని బిల్యానా అతన్ని బతిమాలింది. అసెన్ తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు చెబితేనే విననిది, నా మాట వింటుందా?"

గాలి పెరిగింది. మొదట దూకిన అతను నడుం పట్టుకుని కుంటుతూ పోయాడు. రెండో అమ్మాయిని స్ట్రెచర్ మీద దించారు. ఆమె చెయ్యి ఒకటి పక్కకి వేలాడుతోంది. బిల్యానా అడ్డంగా కట్టిన వలను రెండు చేతులా పట్టుకుంది. చేతి తొడుగుల్లో వేళ్లు కొయ్యబారిపోయాయి.

మైకులో గెర్గానా పేరు వినిపించింది.

పైన చిన్న నల్ల చుక్క కదిలింది. జారింది. మంచు దిబ్బ అంచు దాటి గాలిలోకి లేచింది. ఒక గిరికీ. రెండు. మూడోదాని సగంలో గాలి ఆ తేలికపాటి బోర్డును ఒక పక్కకి నెట్టింది. మనిషి ఏటవాలుగా ఒరిగిపోయింది.

బిల్యానా కళ్లు మూసుకుంది. ధబ్బుమని చప్పుడు. తరువాత ఏ చప్పుడూ లేదు.

కళ్లు తెరిస్తే మంచు పొగ తప్ప ఏమీ కనిపించలేదు. పొగలోంచి ముందు ఒక చెయ్యి వచ్చింది. మంచును రాసుకుంటూ, తడుముకుంటూ. ఆ చేతి వెనక, బోర్డు అంచు మీద గొంతుక్కూర్చుని జారుతూ, గెర్గానా. మెల్లగా లేచి నిటారుగా నిలబడింది.

జనం కేకలేస్తున్నా ఆమె అటు చూడలేదు. తిన్నగా వల దగ్గరికే వచ్చింది. కళ్లద్దాలు పైకి నెట్టింది. పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

బిల్యానా వల మీదుగా వంగి, మేకులు లేని భుజం మీద పిడికిలితో ఒక్కటి కొట్టింది. ఆ భుజం మీదే తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

గెర్గానా తొడుగు తీసి ఆమె చెంపలు తుడుస్తూ అంది: "ఊరుకో తల్లీ, ఇవాళ బడి ఎందుకు ఎగ్గొట్టావో మీ టీచరుకి అమ్మగా నేనే చీటీ రాసిస్తాలే."