గడ్డమాయన ఏమన్నాడంటే

"యానాం కుర్రాడివి, ఫ్రెంచి బాగా వచ్చునన్నావట. ఏదీ, ఇందులో వాళ్ళు ఏటంటన్నారో చెప్పు" అంటూ విజయరత్నం పెన్‌డ్రైవ్ తీసి టీవీకి తగిలించాడు. బిర్యానీ తింటున్న ఫ్రాంక్లిన్‌కి పొలమారింది.

వచ్చునన్న మాట నిజమే. రావడం మాత్రం నిజం కాదు. ఫ్రెంచివాళ్ళు యానాం వదిలి వెళ్ళేనాటికి ఫ్రాంక్లిన్ తండ్రికే సరిగ్గా మాటలు రాలేదు. కానీ యానాం అనగానే ఎలీనా కళ్ళు పెద్దవి చేసి "అయితే నీకు ఫ్రెంచ్ వచ్చా?" అని అడిగితే, ప్రేమలో ఉన్నవాడు రాదంటాడా? "మా ఇంట్లో తాతల నాటి నుంచీ ఫ్రెంచే" అని ఒక కోత కోసేశాడు. ఆ కోత ఇవాళ అబుదాబి పక్కనున్న బనియాస్‌లో, ఎలీనా ఫ్లాట్‌లో, ఆదివారం ప్రార్థన ముగించుకుని భోజనానికి కూర్చున్న వేళ వచ్చి మెడకు చుట్టుకుంది.

ఎలీనా అక్కడే ఆస్పత్రిలో నర్సు. విజయరత్నం ఆమె తండ్రి, విశాఖలో జూట్ మిల్లు యూనియన్‌కి ఒకప్పటి నాయకుడు. కూతురు ఎంచుకున్న కుర్రాణ్ణి చూసిపోదామని విజిట్ వీసా మీద వచ్చాడు. అబద్ధాలాడేవాడికి పిల్లనిచ్చేది లేదని విమానం దిగుతూనే చెప్పేశాడు.

"సినిమాకి మాటలొచ్చిన కొత్తలో ఫ్రాన్సులో తీసింది బాబూ. అక్కడి కార్మికులు తలా ఇంత చందా వేసుకుని తీయించుకున్నారట. రీలు ఎలాగొచ్చిందో మా యూనియన్ ఆఫీసుకొచ్చింది. దాన్నే ఇందులోకి ఎక్కించి తెచ్చాను. తెలుగు చెప్పే దిక్కే లేకపోయింది. ఇన్నాళ్ళకి నువ్వు దొరికావు."

దొరకడమంటే దొరకడమే, పారిపోవడానికి లేదు. తెర మీద ఒక ఫ్యాక్టరీ. పనివాళ్ళు గేట్లు మూసేసుకుని లోపలే బైఠాయించారు. ఆడవాళ్ళు గోడ మీదుగా రొట్టెలు అందిస్తున్నారు. చుట్ట కాలుస్తూ లావుపాటి పెద్దమనిషి ఒకడు వచ్చి కేకలు మొదలుపెట్టాడు.

"ఏటంటన్నాడు?"

ఫ్రాంక్లిన్ పనిచేసేది దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో, ఒక కంపెనీ స్టోర్స్‌లో. అక్కడ అందరూ ముదీర్ అని పిలిచే మేనేజర్ మొహం కళ్ళ ముందు మెదిలింది. ఇక మాటలకేం కరువు?

"ఎండగా ఉందంటే కుదరదు, ఒంట్లో బాలేదంటే కుదరదు, యల్లా, పనిలోకి నడవండి అంటున్నాడండి."

"ఎండా? ఫ్రాన్సులోనా?"

"ఆయ్, వేసవండి."

"ఏ దేశంలో అయినా యజమాని యజమానేలే" అని విజయరత్నం తృప్తిగా తలాడించాడు. వెనక సోఫాలో ఎలీనా చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. దగ్గొచ్చిందేమో అనుకున్నాడు ఫ్రాంక్లిన్.

ధైర్యం వచ్చిన కొద్దీ కథ జోరందుకుంది. రొట్టె అందించే ఆమెకి ముగ్గురు పిల్లల్ని కల్పించాడు, వాళ్ళలో ఒకడికి జ్వరం కూడా తెప్పించాడు. ఇంతలో గడ్డమాయన ఒకడు మిషన్ మీదికెక్కి, పిడికిలి బిగించి ఏదో అన్నాడు. విజయరత్నం చప్పున సినిమా ఆపేశాడు.

"మిగతాదంతా పోనీ. ఈయన మాటొక్కటే నాక్కావాల. దీనికోసమే ఇంత దూరం మోసుకొచ్చాను. తెలియకపోతే తెలీదని చెప్పు బాబూ, కల్పించకు."

రాదని చెప్పేద్దామని ఫ్రాంక్లిన్ నోరు తెరిచాడు. పెద్దాయన కళ్ళలో ఆశ చూశాక ఆ మాట బయటికి రాలేదు.

"మిషన్లు ఆపేయండి. మన చెయ్యి పడకపోతే చక్రం తిరగదు. అడిగింది ఇచ్చేదాకా ఒక్కరు కూడా పనిలోకి పోవద్దు అంటున్నాడండి."

విజయరత్నం రిమోట్ పక్కన పెట్టాడు. తర్వాత కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"మిల్లు గేటు దగ్గర తెర కట్టి ఈ సినిమా వేశాం బాబూ. ఈయన ఏమన్నాడో చెప్పమని మావాళ్ళు పట్టుబట్టారు. నాకేటి ఫ్రెంచి రావడం? మొహం చూసి, ఇప్పుడు నువ్వు చెప్పిన మాటే చెప్పేశాను. ఫ్రాన్సువాళ్ళే అన్నారంటూ మర్నాడే సమ్మెలోకి దిగిపోయారు. గెలిచాం, గాని నన్ను నమ్మినోళ్ళకి అబద్ధం చెప్పానేమోనని ఇన్నేళ్ళూ గుండెలో ముల్లు. ఈవేళ నువ్వు తీసేశావు. పిల్లనిచ్చేశాను. ఖలాస్" అన్నాడు. బనియాస్ వచ్చాక ఆయన నేర్చుకున్న మాట అదొక్కటే.

పాత నేస్తాలకి ఫోన్ చేస్తూ బాల్కనీలోకి వెళ్ళాడు. "ఒరే, ఆ గడ్డమాయన నిజంగా అదే అన్నాడట్రా" అని ఆయన మురిసిపోవడం లోపలికి వినిపిస్తోంది.

ఫ్రాంక్లిన్‌కి సంతోషానికి బదులు సిగ్గేసింది. తల వంచుకుని ఎలీనాతో అన్నాడు. "నాకు ఫ్రెంచ్ ఒక్క ముక్క రాదు. నీతో కోతలు కోశాను. ఇప్పుడే వెళ్ళి మీ నాన్నగారి దగ్గర ఒప్పేసుకుంటాను."

ఎలీనా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "నోరెత్తావంటే ఊరుకోను. నీకు రాదని సినిమా మొదలైన కాసేపటికే నాకు తెలిసిపోయింది."

"ఎలా?"

"మీ ఇంట్లో అందరూ ఫ్రెంచే అన్నావుగా. మీ అమ్మగారి ముందు మొద్దులా నిలబడకూడదని, మా వార్డులో ఫ్రెంచ్ వచ్చిన ట్యునీషియా సిస్టర్‌ని బతిమాలి నేర్చుకున్నాను."

ఫ్రాంక్లిన్ టీవీలో ఆగిపోయి ఉన్న బొమ్మ వైపు చూశాడు. మెల్లగా అడిగాడు. "మరి ఆ గడ్డమాయన నిజంగా ఏమన్నాడు?"

ఎలీనా బాల్కనీ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"సమ్మె చేసింది చాలు, రేపు పొద్దున్నే అందరూ పనిలోకి వచ్చేయండి అన్నాడు."