కాగితంలో లేని ప్రశ్న

నాఫిరి అవ్వ ఖాళీ పిండిసంచి దులిపి, అందులో మనవరాలి సామాను సర్దింది.

రెండు చుట్టుగుడ్డలు, మెత్తటి పాతగుడ్డ ముక్కలు, ప్లాస్టిక్ పట్టా, కాసిని ఎండుచేపలు, కొత్త బ్లేడు.

"బ్లేడెందుకవ్వా?" అంది ఎస్నాత్.

"బొడ్డు కొయ్యడానికి. అక్కడ వాళ్ళివ్వరు. మనదే పట్టుకెళ్ళాలి."

ఎస్నాత్‌కు పదిహేనేళ్ళు. ఏడో నెల. కడుపు చేసిన చేపల వ్యాపారి పేరెత్తితే చాలు, ఊళ్ళో మగవాళ్ళంతా తలలు వంచుకుని వల చిక్కులు తీసుకుంటారు.

ఊరిపెద్ద కట్టుబాటు మాత్రం గట్టిది. పద్దెనిమిది నిండని పిల్ల కడుపుతో ఉందని తేలితే రెండు మేకలు జరిమానా. పిల్ల ఇంటివాళ్ళే ఇచ్చుకోవాలి. వ్యాపారి గుమ్మం దాకా ఏ కట్టుబాటూ నడిచిపోదు.

అవ్వకున్నవి రెండే మేకలు.

మర్నాడు సర్వేవాళ్ళు వస్తున్నారు. పదిహేను నుంచి ఇరవై నాలుగేళ్ళ ఆడపిల్లలందరి పేర్లూ రాసుకుంటారట. ఆ పేర్లు తిన్నగా పెద్ద చేతికి పోతాయని ఊరంతా నమ్మింది.

అందుకని అవ్వ ఎస్నాత్‌ను మలావీ సరస్సు అవతలి ఒడ్డున, తన చిన్నకూతురి ఇంటికి పంపేసింది. ఆ ఇంటి పక్కనే కాన్పుల ఆసుపత్రి. పిల్ల కంటపడకుండానూ ఉంటుంది, అవసరానికి ఆసుపత్రీ ఉంటుంది అనుకుంది.

చెప్పులు పట్టక, ఎస్నాత్ వట్టికాళ్ళతోనే పడవెక్కింది.

మంగళవారం సర్వేవాళ్ళు దిగారు. వాళ్ళలో నీలంచొక్కా తొడుక్కున్న డోరికా అనే ఆవిడకు ముప్పై ఏళ్ళుంటాయి. జవాబు చెప్పిన ప్రతి ఒక్కరికీ ఒక బట్టల సబ్బు ఇచ్చింది.

ఎంతమంది పిల్లల్ని కనాలో ఎవరు నిర్ణయిస్తారు, ఆసుపత్రికి వెళ్ళాలంటే ఎవరు సరేననాలి అని అడిగింది. ఊరిపెద్ద పంపిన మనిషి ముందురోజే ఇల్లిల్లూ తిరిగి జవాబు నేర్పిపోయాడు. అందరూ అదే చెప్పారు.

రెండేళ్ళ కిందట మొగుడు సరస్సులో మునిగిపోయిన అలెఫా కూడా, "మేమిద్దరం కలిసే అనుకుంటామక్కా" అంది.

డోరికా కలం ఆపింది. "పోయినాయనతోనా?"

"ఇప్పుడే బాగా కుదురుతోంది. ఎదురు చెప్పడు."

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. డోరికా కూడా నవ్వి సబ్బు చేతిలో పెట్టింది.

ఆ కాగితాల లెక్కన, మా ఊరి ఆడవాళ్ళంత స్వతంత్రం దేశంలో ఇంకెవరికీ లేదు.

అవ్వ వంతు వచ్చింది. ఈ ఇంట్లో పదిహేనేళ్ళ పిల్ల ఉన్నట్టు పాత జాబితాలో ఉందంది డోరికా. అది ఎవరో తప్పు రాశారనీ, ఉన్నది తానూ రెండు మేకలేననీ చెప్పింది అవ్వ.

గుమ్మం పక్కన రబ్బరు చెప్పులున్నాయి. వాటి పట్టీలు కోసి, తాడుతో వదులుగా ముడేసి ఉన్నాయి. డోరికా ఒకటి చేతిలోకి తీసుకుంది.

"ఇవెవరివవ్వా?"

"నావే."

"నీ పాదం జానెడు లేదు. ఇవి వాచిన కాళ్ళకోసం కోసినవి."

అవ్వ మేకల వైపు చూసింది.

"తలనొప్పి అంటోందా? కళ్ళు మసకలంటోందా?"

రెండూ నిజమే. అవ్వ మాత్రం ఇదంతా నోరు జారించే ఎత్తు అనుకుంది.

"ఆ ప్రశ్న నీ కాగితంలో ఉందా?"

"లేదు."

"మరి నీకెందుకు?"

డోరికా ఏదో చెప్పబోయింది. మెడలో వేలాడుతున్న సర్వే కార్డును పట్టుకుని ఆగిపోయింది.

"ఎక్కడుందో చెప్పవ్వా. నేనెవరికీ చెప్పను."

"లేని పిల్లను ఎక్కణ్ణుంచి తేను?"

బుధవారం సర్వేవాళ్ళందరూ వెళ్ళిపోయారు. డోరికా పడవెక్కలేదు. వచ్చి అవ్వ అరుగు మీద కూర్చుంది. గురువారమూ కూర్చుంది. శుక్రవారమూ కూర్చుంది.

అవ్వ ఆమెకు మొక్కజొన్న ముద్ద పెట్టింది, నీళ్ళిచ్చింది. నిజం మాత్రం ఇవ్వలేదు. ఊళ్ళో ఎవరిని అడిగినా తలో అబద్ధం చెప్పారు.

"ఈవిడ పట్టుదల చూస్తే, మేకలో ఒక కాలు ఈవిడకిస్తానన్నట్టున్నాడు పెద్ద" అంది అలెఫా, ఆమెకు వినబడేలాగే.

శనివారం పొద్దున డోరికా లేచింది. పిల్ల వస్తే ఒక్కరోజు కూడా ఆగకుండా అవతలి ఒడ్డు ఆసుపత్రికి పంపమని చెప్పి, సంచి భుజాన వేసుకుని రేవుకు వెళ్ళింది.

ఆమె ఎక్కాల్సిన పడవలోంచే అవ్వ చిన్నకూతురు దిగింది. రేవు జనంలో ఎవరినీ చూడకుండా, ఒక్కతే ఇంటికొచ్చింది. చేతిలో అదే పిండిసంచి. బ్లేడు మీది కాగితం ఇంకా ఊడలేదు.

పిల్లకు ఫిట్స్ వచ్చాయట. మోసుకెళ్తే ఆసుపత్రికి తాళం వేసి ఉందట. ఉన్నదే ఒక్క నర్సు, ఆవిడను వేరే పనిమీద పంపారట. కాపలావాడు ఎన్నిసార్లు చేసినా ఫోను కలవలేదట. శవాన్ని ఎక్కించుకునేది లేదని పడవవాళ్ళంటే, అక్కడే మట్టి చేశారట.

"తలుపుకి ఇది అంటించి ఉందమ్మా. నాకు చదువు రాదుగా. ఎవరిమీద ఏడవాలో నువ్వు చదివి చెప్పు."

అవ్వ ముసలితనంలో ఎస్నాత్ పలక మీదే అక్షరాలు నేర్చుకుంది. కాగితాన్ని వెలుగులో పెట్టి కూడబలుక్కుంది.

"పైవాళ్ళు సర్వేకి పంపారు. బుధవారం సాయంత్రానికి వచ్చేస్తాను. డోరికా, కాన్పుల నర్సు."

నర్సునని చెప్పుకోకూడదని ఆవిడకు షరతు పెట్టారని ఆ తర్వాత తెలిసింది. చెబితే ఆడవాళ్ళు నిజం చెప్పరట. ఆ షరతు రాసిన మహానుభావులు ఏ గుమ్మంలోనూ కూర్చుని ఉండరు.

రేవులో డోరికా ఎక్కిన పడవ కదిలింది.

ఎస్నాత్ తిరిగి రాలేదు. అక్టోబరు పదిహేడు, శుక్రవారం పొద్దున, డోరికా ఆమె కోసం అవ్వ అరుగు మీద కూర్చుని ఉన్న వేళకు, ఎస్నాత్ ఆ డోరికా ఆసుపత్రి మెట్ల మీదే చనిపోయింది.